టెక్సాస్ పల్లె కౌంటీలో డిప్యూటీ షెరీఫ్ కావాలంటే: అర్హతలు, దారి, రోజువారీ డ్యూటీ

టెక్సాస్‌లో మన జిల్లాల్లాంటి కౌంటీలు 254 ఉన్నాయి. ప్రతి కౌంటీకీ ఒక షెరీఫ్ ఉంటారు. ఆయన్ని గవర్నరు నియమించరు, నాలుగేళ్లకోసారి జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ షెరీఫ్ తరఫున బ్యాడ్జీ పెట్టుకుని, తుపాకీ కట్టుకుని రోడ్డు మీద తిరిగేవాళ్లే డిప్యూటీలు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల పెరిగిన మన తెలుగు పిల్లల్లో సాఫ్ట్‌వేరు, మెడిసిన్ కాకుండా ఇలాంటి ఉద్యోగం వైపు చూసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు, వాళ్లు ఆ మాట చెప్పగానే టెన్షన్ పడే అమ్మానాన్నలకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. రాష్ట్రానికో చట్టం ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్‌కే వర్తిస్తుంది. అందులోనూ పల్లె కౌంటీల గురించే ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే అక్కడి పనికీ నగరంలో పోలీసు పనికీ చాలా తేడా ఉంది.

ముందు ఇది ఏం ఉద్యోగమో తెలుసుకోండి

మన దగ్గర ఎస్సై ఉద్యోగమంటే రాష్ట్ర స్థాయి బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, ట్రైనింగ్ అయ్యాక ఎక్కడో పోస్టింగ్ వస్తుంది. పైన సీఐ, డీఎస్పీ, ఎస్పీ, ఆపైన డీజీపీ. టెక్సాస్‌లో అలా ఒకే గొలుసు లేదు. ఏ కౌంటీకి ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసు తన మనుషుల్ని తనే తీసుకుంటుంది. రాష్ట్రం చేసేది లైసెన్సు ఇవ్వడం, కనీస ప్రమాణాలు పెట్టడం వరకే. ఆ పని చూసే సంస్థ టెక్సాస్ కమిషన్ ఆన్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్. అందరూ టీకోల్ అంటారు.

ఊళ్లకు విడిగా సిటీ పోలీసులుంటారు, రాష్ట్ర రహదారుల మీద డీపీఎస్ ట్రూపర్లు, అంటే రాష్ట్ర ప్రభుత్వ పోలీసులు ఉంటారు. కాన్‌స్టేబుల్ అనే పదవి కూడా ఉంది, కానీ అది మన కానిస్టేబుల్ కాదు, జనం ఎన్నుకునే మరో అధికారి. ఏ సిటీ పరిధిలోకీ రాని పొలాలు, గడ్డి భూములు, చిన్న చిన్న గూడేల్లాంటి వాడలు, ఇవన్నీ షెరీఫ్ ఆఫీసు చూసుకోవాలి. పశ్చిమాన ఉన్న బ్రూస్టర్ కౌంటీ వైశాల్యం సుమారు 16,000 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు గుంటూరు జిల్లా 11,391 చదరపు కిలోమీటర్లు ఉండేది. అంత పెద్ద కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది పదివేల లోపు మందే. ఇంకా చిన్నది లవింగ్ కౌంటీ. అదే లెక్కల్లో అక్కడి జనాభా 64.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టెక్సాస్ చట్టం ప్రకారం డిప్యూటీ నియామకం రాతపూర్వకంగా జరగాలి, ప్రమాణం చేయాలి, ఆ తర్వాత షెరీఫ్ ఇష్టమున్నంత కాలమే ఉద్యోగం. ఎన్నికల్లో షెరీఫ్ మారితే కొత్తాయన జనవరి 1న బాధ్యత తీసుకుంటారు. పాత డిప్యూటీలను కొనసాగించాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. సివిల్ సర్వీసు రక్షణ కొన్ని పెద్ద కౌంటీల్లోనే ఉంటుంది. గవర్నమెంటు ఉద్యోగం కాబట్టి రిటైరయ్యేదాకా ఢోకా లేదు అనుకుని వెళ్లేవాళ్లు ఈ విషయం ముందే తెలుసుకోవాలి. లైసెన్సు మాత్రం మనదే, ఒక కౌంటీలో పని పోయినా ఇంకో కౌంటీలో చేరడానికి అది పనికొస్తుంది.

మొదటి మెట్టు: అర్హత ఉందో లేదో చూసుకోవడం

పౌరసత్వం సంగతి మొదట తేల్చుకోవాలి. పీస్ ఆఫీసర్ (అరెస్టు చేసే అధికారం ఉన్న పోలీసు అధికారి) లైసెన్సుకు అమెరికా పౌరులై ఉండాలి. హెచ్1బీ, ఎఫ్1, ఓపీటీ మీద ఉన్నవాళ్లకు దారి లేదు, మామూలు గ్రీన్‌కార్డుతోనూ కుదరదు. అక్కడే పుట్టిన పిల్లలకు ఇబ్బంది లేదు, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లకూ ఇబ్బంది లేదు.

వయసు 21 నిండాలి. 60 సెమిస్టర్ గంటల కాలేజీ చదువో, అసోసియేట్ డిగ్రీనో ఉంటే 18కే అర్హత వస్తుంది. సైన్యంలో కనీసం రెండేళ్లు పనిచేసి గౌరవంగా బయటికొచ్చినవాళ్లకూ అంతే. చదువు విషయంలో రాష్ట్రం అడిగేది హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైన జీఈడీ. డిగ్రీ తప్పనిసరి కాదు. అయినా డిగ్రీ ఉంటే ముందుముందు ప్రమోషన్లకు పనికొస్తుంది కాబట్టి చదువు మధ్యలో ఆపి పరుగెత్తొద్దని నా సలహా.

చాలామంది ఇరుక్కునేది నేర చరిత్ర దగ్గర. ఫెలనీ (పెద్ద నేరం) గానీ, చిన్న నేరాల్లో (మిస్‌డిమీనర్) పై తరగతి అయిన క్లాస్ ఏ గానీ రుజువైతే దారి మూసుకుపోయినట్టే. దాని కింది తరగతి క్లాస్ బీ అయితే పదేళ్ల వరకు కుదరదు. టెక్సాస్‌లో మొదటిసారి తాగి బండి నడిపి పట్టుబడటం మామూలుగా క్లాస్ బీ కిందకే వస్తుంది. కాలేజీ రోజుల్లో ఒక శనివారం రాత్రి చేసిన పని 22 ఏళ్లవాడి దరఖాస్తును 32 దాకా ఆపేస్తుంది. కోర్టు జైలు శిక్ష వేయకుండా ప్రొబేషన్ మీద వదిలినా అది కూడా లెక్కలోకే వస్తుంది. కుటుంబ హింస కేసులో దోషిగా తేలినవాళ్లకు అసలు అవకాశం లేదు. ఈ ఉద్యోగం మనసులో ఉన్న పిల్లలకు ఈ సంగతి పదహారేళ్లకే చెప్పడం మంచిది.

వీటన్నిటితో పాటు వేలిముద్రల పరిశీలన, డాక్టరు పరీక్ష, డ్రగ్ టెస్టు, సైకాలజిస్టు పరీక్ష ఉంటాయి. డాక్టరూ సైకాలజిస్టూ ఇద్దరూ రాతపూర్వకంగా సరే అంటేనే షెరీఫ్ ఆఫీసు ముందుకెళ్లగలదు. సైకాలజిస్టు దగ్గర వందల ప్రశ్నల రాత పరీక్షా, ముఖాముఖీ ఉంటాయి. అక్కడ మంచి జవాబు చెప్పాలని చూసేవాళ్లే తడబడతారు. ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా తిప్పి అడుగుతారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే తేలిక.

రెండో మెట్టు: కౌంటీని ఎంచుకోవడం

ఆన్‌లైన్లో ఖాళీలు చూసి పది కౌంటీలకు ఒకేసారి అప్లికేషన్లు పడేయడం నాకు నచ్చదు. పల్లె కౌంటీలో షెరీఫ్ ఆఫీసుకు నేరుగా వెళ్లి మాట్లాడొచ్చు, చాలాచోట్ల షెరీఫే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. రైడ్-అలాంగ్ ఉందా అని అడగండి. అంటే ఒక షిఫ్టు మొత్తం డిప్యూటీ పక్క సీట్లో కూర్చుని చూడటం. కుదిరితే రాత్రి షిఫ్టే అడగండి. గంటల తరబడి ఏమీ జరగకపోవడం, ఆ తర్వాత ఒక్కసారిగా అంతా మీద పడటం, ఈ లయ ఒంటికి సరిపడుతుందో లేదో ఆ ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒక షిఫ్టులో రోడ్డు మీద ఎంతమంది ఉంటారు? సాయం రావడానికి ఎంతసేపు పడుతుంది? రేడియో అందని చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా ఆఫీసు ఇస్తుందా, మనమే కొనుక్కోవాలా? అకాడమీ ఫీజు ఎవరు కడతారు, వాళ్లు కడితే ఎన్నేళ్లు పనిచేయాలని రాయించుకుంటారు? కారు ఇంటికి తీసుకెళ్లనిస్తారా? వీటికి సూటిగా జవాబు రాని చోట చేరొద్దు.

జీతం సంగతి. పల్లె కౌంటీలు తక్కువ జీతాలకు పేరుపడ్డాయి. కుర్రాళ్లు అక్కడ ట్రైనింగ్ తీసుకుని పెద్ద ఊళ్ల పోలీసు శాఖలకు వెళ్లిపోయేవాళ్లు. దాన్ని సరిచేయడానికి 2023లో టెక్సాస్ శాసనసభ ఎస్‌బీ 22 అనే చట్టం చేసింది. జనాభా 3 లక్షలు, అంతకు తక్కువ ఉన్న కౌంటీలకు రాష్ట్రం గ్రాంటు ఇస్తుంది. పదివేల లోపు జనాభా ఉంటే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, ఆపైన యాభై వేల వరకు మూడున్నర లక్షలు, అంతకు మించితే అయిదు లక్షలు. ఆ డబ్బు తీసుకున్న కౌంటీ షెరీఫ్‌కు కనీసం 75,000, రోడ్డు మీద వాహనాలు ఆపే డిప్యూటీకి 45,000, జైలర్‌కు 40,000 డాలర్ల వార్షిక జీతం ఇవ్వాలి. నగర శివార్ల శాఖలు దీనికన్నా బాగా ఎక్కువే ఇస్తాయి. పల్లెలో ఇంటి ఖర్చు తక్కువ, నిజమే, కానీ డబ్బే ముఖ్యమైతే ఈ దారి సరైనది కాదు.

మూడో మెట్టు: జైలు నుంచి మొదలుపెట్టాలా?

మొదలుపెట్టమనే నేను చెబుతాను. కౌంటీ జైలు నడపడం షెరీఫ్ బాధ్యత. చాలాచోట్ల రోడ్డు మీద పెట్రోలింగ్ కన్నా జైలుకే ఎక్కువ మంది సిబ్బంది కావాల్సి వస్తుంది. జైలర్‌గా 18 ఏళ్లకే చేరొచ్చు. తాత్కాలిక లైసెన్సు మీద పని మొదలుపెట్టి, ఏడాదిలోగా జైలర్ కోర్సు, పరీక్ష పూర్తిచేయాలి. జీతం తీసుకుంటూనే ఆఫీసును లోపలి నుంచి చూడొచ్చు, ఆఫీసు కూడా మనల్ని చూస్తుంది. బాగా పనిచేసిన జైలర్‌ను షెరీఫే అకాడమీకి పంపించడం మామూలే.

జైల్లో నేర్చుకునేది తర్వాత రోడ్డు మీద పనికొస్తుంది. తాగి గొడవ చేసేవాడు, ఏడుస్తున్నవాడు, భయంతో బిగుసుకుపోయినవాడు, వీళ్లందరితో చేతిలో తుపాకీ లేకుండా మాటలతోనే నెట్టుకురావాలి. ప్రతి 48 మంది ఖైదీలకు ఒక జైలర్ ఉండాలన్నది టెక్సాస్ జైలు ప్రమాణాల కమిషన్ నిబంధన. ఖైదీలను కనీసం గంటకోసారి కళ్లారా చూడాలి. ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉన్నవాళ్లను, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను అరగంటకోసారి చూడాలి.

ఈ గంట, అరగంట లెక్కలను కాగితం మీద టిక్కులుగా తీసుకునే జైలర్ ఎంత ప్రమాదమో వాలర్ కౌంటీలో తెలిసింది. 2015 జులైలో ట్రాఫిక్ స్టాప్‌లో ఒక ట్రూపర్ అరెస్టు చేసిన శాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ల మహిళ మూడు రోజుల తర్వాత ఆ కౌంటీ జైలు గదిలో చనిపోయి కనిపించింది. లోపలికి తీసుకున్నప్పుడు అడిగే ప్రశ్నల్లో, అంతకుముందు ఆత్మహత్యాయత్నం చేశానని ఆమె చెప్పింది. ఖైదీలను గంటకోసారి నేరుగా చూడాలన్న నియమం సరిగా పాటించలేదని జైలు ప్రమాణాల కమిషన్ తప్పుపట్టింది. 2017లో ఆమె పేరుతోనే చట్టం వచ్చింది. గదుల తనిఖీ నిజంగా జరిగిందని నిరూపించే కెమెరాలు, సెన్సర్లు, మానసిక ఆరోగ్యం మీద శిక్షణ, గొడవను మాటలతో చల్లార్చే శిక్షణ అన్నీ దాంతో వచ్చాయి. రాత్రి మూడింటికి నడవలో నడిచి, తలుపు కిటికీలోంచి చూసి, మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో గమనించి, అప్పుడే రిజిస్టర్లో సమయం వేయాలి. చూడకుండా వేసిన సమయం అబద్ధమే అవుతుంది.

జైలు వద్దనుకుంటే 911 కాల్స్ అందుకునే డిస్పాచర్‌గానూ చేరొచ్చు. కౌంటీ రోడ్లన్నీ నోటికి వచ్చేస్తాయి.

నాలుగో మెట్టు: అప్లికేషన్, బ్యాక్‌గ్రౌండ్ విచారణ

ఇక్కడ ఓపిక కావాలి. పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని పేజీలకు పేజీల ఫారం ఇస్తారు. ఉన్న ఇళ్లు, చేసిన ఉద్యోగాలు, అప్పులు, ట్రాఫిక్ టికెట్లు, వాడిన మత్తు పదార్థాలు, బంధువులు, స్నేహితులు, మాజీ భార్య లేదా భర్త, అన్నీ రాయాలి. తర్వాత ఒక ఇన్వెస్టిగేటర్ పాత మేనేజర్లకు ఫోన్ చేస్తాడు, పక్కింటివాళ్ల తలుపు తడతాడు.

మన పిల్లలకు ఇందులో కొన్ని చిక్కులున్నాయి. వేసవి సెలవులు విజయవాడలోనో కరీంనగర్‌లోనో గడిపి ఉంటారు, ఒకటి రెండేళ్లు అక్కడే చదివి ఉంటారు, ఆ చిరునామాలు, తేదీలు గుర్తుండవు. పాత పాస్‌పోర్టుల్లో స్టాంపులు తీసి ఇప్పుడే ఒక పట్టిక రాసి పెట్టుకోండి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, ఒక్కోచోట అక్షరాలే తేడా ఉంటాయి. అవన్నీ ఒకే మనిషివని చూపించే కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఇండియాలో చేసిన చదువైతే దానికి గుర్తింపు పత్రం ముందే తెప్పించుకోవాలి, ఆఖరి నిమిషంలో దొరకదు. ఆఫీసువాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారని అమ్మమ్మకూ తాతయ్యకూ చెప్పి ఉంచితే వాళ్లు కంగారుపడరు.

మొత్తం ఫారంలో ఒక్కటే సూత్రం: దాచొద్దు. ఎప్పుడో ఒకసారి గంజాయి తాగి ఉంటే దాన్ని చెప్పినవాడికి కొన్ని ఆఫీసులు కొంతకాలం ఆగి రమ్మంటాయి. దాచి దొరికినవాడిని ఏ ఆఫీసూ తీసుకోదు. ఆ అబద్ధం తర్వాత వెళ్లే ప్రతి ఆఫీసుకూ తెలిసిపోతుంది. దీనికి నైతిక కారణం ఒక్కటే కాదు, కోర్టు కారణం కూడా ఉంది. 1963లో బ్రేడీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నిందితుడికి మేలు చేసే సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని తీర్పు చెప్పింది. తర్వాతి తీర్పులతో సాక్షి నమ్మకస్తుడు కాదని చూపే సమాచారం కూడా అందులోకి వచ్చింది. అంటే అబద్ధమాడినట్టు రికార్డులో ఉన్న డిప్యూటీ బోనెక్కితే, ఆ సంగతి డిఫెన్స్ లాయరుకు చెప్పాల్సిందే. అలాంటి డిప్యూటీ పెట్టిన కేసు నిలబడటం కష్టం. అతన్ని పనిలో ఉంచుకుని షెరీఫ్ ఏం చేస్తారు?

అయిదో మెట్టు: అకాడమీ, లైసెన్సు పరీక్ష

బేసిక్ పీస్ ఆఫీసర్ కోర్సు 700 గంటలకు పైగా ఉంటుంది. పగటి బ్యాచ్ అయితే అయిదారు నెలలు, సాయంత్రం బ్యాచ్ అయితే ఇంకా ఎక్కువ. కమ్యూనిటీ కాలేజీల్లో, ప్రాంతీయ అకాడమీల్లో, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వ్యవస్థలోని టీక్స్‌లో చెబుతారు. షెరీఫ్ పంపిస్తే జీతంతో వెళతారు. సొంతంగానూ ఫీజు కట్టి చేరొచ్చు, కానీ కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవాలి.

సిలబస్‌లో తుపాకీ, డ్రైవింగ్, చేతి పట్లు ఉంటాయని అందరూ ఊహిస్తారు. సగానికి సగం కూర్చుని చదివేదే అని ఊహించరు. శిక్షాస్మృతి, అరెస్టు, తనిఖీ నియమాలు, ట్రాఫిక్ చట్టం, కుటుంబ చట్టం అన్నీ చదవాలి. అనుమానితుణ్ణి ఆపి తడిమి చూడటానికి ఎంత కారణం ఉండాలో చెప్పిన 1968 టెర్రీ తీర్పు, పారిపోతున్నవాడి మీద ఎప్పుడు కాల్చకూడదో చెప్పిన 1985 గార్నర్ తీర్పు, బలప్రయోగం సమంజసమా కాదా అన్నది ఎలా కొలవాలో చెప్పిన 1989 గ్రాహమ్ తీర్పు, ఇవి పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయేవి కావు. రాత్రిపూట రోడ్డు పక్కన రెండు సెకన్లలో గుర్తురావాలి. మన పిల్లలకు చదివి పరీక్ష రాయడం కష్టమేమీ కాదు. ఒళ్లు సిద్ధం చేసుకోవడం దగ్గరే వెనకబడతారు. చేరడానికి ఆరు నెలల ముందునుంచే పరుగు, పుషప్‌లు, ఎండలో పని అలవాటు చేసుకోవాలి. ఆగస్టులో టెక్సాస్ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు, పైగా ఒంటి మీద బరువైన చొక్కా ఉంటుంది.

కోర్సు అయ్యాక రాష్ట్ర లైసెన్సు పరీక్ష. 70 శాతం రావాలి, మూడు అవకాశాలిస్తారు. మూడూ పోతే కోర్సు మళ్లీ మొదటి నుంచి. పాసైనా వెంటనే లైసెన్సు చేతికి రాదు, ఏదైనా ఆఫీసు నియమించినప్పుడే వస్తుంది. ఆ తర్వాత ప్రతి రెండేళ్లకూ కనీసం 40 గంటల శిక్షణ, ఏటా తుపాకీ పరీక్ష తప్పవు.

ఆరో మెట్టు: ఫీల్డ్ ట్రైనింగ్

ప్రమాణం చేశాక కొన్ని నెలలు ట్రైనింగ్ ఆఫీసర్ పక్కన కూర్చుంటారు. రోజూ మార్కులు వేస్తారు. మొదట్లో దాదాపు అందరూ తడబడేది రేడియో దగ్గర. ఎక్కడున్నామో చెప్పకుండానే కారు దిగిపోతారు. ట్రాఫిక్ స్టాప్‌లో వరస ఇది: లైట్లు వేయకముందే రోడ్డు నంబరు, దగ్గర్లో ఉన్న గుర్తు, ముందున్న కారు నంబరు ప్లేటు డిస్పాచ్‌కు చెప్పాలి. ఆపడానికి వెడల్పాటి చోటు చూసుకోవాలి. దిగాక ఆ కారు డిక్కీ మూత మీద చెయ్యి వేసి మూసి ఉందో లేదో చూడాలి. వీలైతే ప్యాసింజర్ వైపు నుంచి నడవాలి, వెనకనుంచి వచ్చే బండ్ల దెబ్బ తప్పుతుంది. పలకరించి, ఎవరో చెప్పి, ఎందుకు ఆపారో చెప్పి, అప్పుడు లైసెన్సు అడగాలి. చూపు అవతలివాళ్ల చేతుల మీద ఉండాలి. మొహం మీద చిరునవ్వుంటే తప్పేమీ లేదు.

డ్యూటీ అసలు ఎలా ఉంటుంది

పల్లె డిప్యూటీకి వచ్చే కాల్స్‌లో తుపాకీతో తేలేవి అరుదు. రాత్రి రెండింటికి ఫార్మ్-టు-మార్కెట్ రోడ్డు (పల్లెల్ని ఊళ్లతో కలిపే రాష్ట్ర రోడ్డు) మీద ఆంగస్ జాతి నల్ల ఆవులు నిలబడ్డాయని ఫోన్ వస్తుంది. నల్ల రోడ్డు, నల్ల ఆవు, 70 మైళ్ల వేగంతో వచ్చే పికప్ ట్రక్కు. ముందు కారు అడ్డంపెట్టి లైట్లు వేయాలి, తర్వాత తెగిన కంచె ఎక్కడుందో టార్చితో వెతకాలి, ఆవుల్ని మెల్లగా లోపలికి తోలాలి. తొందరపెడితే చెల్లాచెదురవుతాయి. ఆ పశువులు ఎవరివో వాటి మీద కాల్చివేసిన ముద్రను బట్టి కౌంటీ క్లర్కు దగ్గరున్న రిజిస్టర్లో చూడొచ్చు. యజమాని దొరక్కపోతే మన బందెలదొడ్డి పద్ధతే: షెరీఫ్ ఆఫీసు పశువుల్ని పట్టి ఉంచి, నోటీసు పెట్టి, ఎవరూ రాకపోతే వేలం వేస్తుంది. పశువుల పెంపకం తెలిసిన పల్లె పిల్లలకు ఇక్కడ అదనపు బలం ఉంటుంది.

కోర్టు కాగితాలు అందించడం ఇంకో పెద్ద పని. దావా సమన్లు, కుటుంబ హింస కేసుల్లో రక్షణ ఉత్తర్వులు, ఇల్లు ఖాళీ చేయించే రిట్లు (కోర్టు ఉత్తర్వులు). ఖాళీ చేయించే ముందు తలుపు మీద కనీసం 24 గంటల ముందు హెచ్చరిక అంటించాలి. వానో మంచో పడుతుంటే సామాను బయట పెట్టకూడదని టెక్సాస్ చట్టం రాసిపెట్టింది. పిల్లల పుస్తకాలు, వంటపాత్రలు ఇంటి ముందు గడ్డిలో చేరుతుంటే పక్కన నిలబడి ఉండాల్సింది డిప్యూటీయే. ఆ పూట మర్యాదగా మాట్లాడటం కూడా డ్యూటీలో భాగమే. పన్ను బకాయిలకు స్వాధీనం చేసుకున్న ఆస్తుల వేలం నెల మొదటి మంగళవారం కోర్టు దగ్గర జరుగుతుంది. కోర్టు జరిగేటప్పుడు లోపల భద్రత కూడా వీళ్లదే. అరెస్టు చేసినవాణ్ణి 48 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

మతిస్థిమితం తప్పినవాళ్ల ఇళ్లకు వెళ్లడం అన్నిటికన్నా ఓపిక కోరేది. తనకో ఇతరులకో తీవ్రమైన హాని చేసుకునే ప్రమాదం కళ్లముందు ఉంటే, వారెంటుకు టైం లేకపోతే, వారెంటు లేకుండానే అదుపులోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చే అధికారం డిప్యూటీకి ఉంది. పల్లెలో అలాంటి ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుంది. ఆ దారంతా వెనక సీట్లో ఉన్న మనిషితో మాట్లాడుతూ వెళ్లాలి, అక్కడ పడక దొరికేదాకా ఆగాలి. ఆ రాత్రి కౌంటీలో రోడ్డు మీద ఉండేది ఒక్కడే అయితే ఆ కాసేపూ కౌంటీ ఖాళీ. షిఫ్టులో ఎంతమంది ఉంటారని మొదటే అడగమన్నది ఇందుకే.

ఇంట్లో ఎవరైనా చనిపోతే, మెడికల్ ఎగ్జామినర్ (మరణ కారణం తేల్చే ప్రభుత్వ డాక్టరు) లేని కౌంటీల్లో జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక జడ్జి వచ్చి విచారణ చేస్తారు. ఆయన వచ్చేదాకా ఏదీ కదపకుండా, కుటుంబాన్ని చూసుకుంటూ డిప్యూటీ ఉండాలి. వాన గట్టిగా పడితే వాగుల మీద లోతట్టు రోడ్లు మూసేయాలి. 2025 జులై 4న గ్వాడలూప్ నది తెల్లవారకముందే పొంగి కెర్ కౌంటీని ముంచెత్తినప్పుడు వంద మందికి పైగా చనిపోయారు. అలాంటి వేళ తలుపులు తట్టి లేపేది, శవాలు వెతికేది కూడా ఈ ఆఫీసులవాళ్లే.

రిపోర్టు రాయడం మీద ఇంకాస్త చెప్పాలి

అకాడమీలో అందరూ విసుక్కునేది ఇదే. ఎందుకు విసుక్కోకూడదో విలియమ్సన్ కౌంటీ కేసు చెబుతుంది. 1987లో మైకేల్ మోర్టన్ అనే ఆయనకు భార్యను చంపాడని యావజ్జీవ శిక్ష పడింది. చంపింది నాన్న కాదు, ఇంకెవరో అని మూడేళ్ల కొడుకు అమ్మమ్మతో చెప్పిన మాటలు షెరీఫ్ ఆఫీసు ఫైల్లో కాగితం మీదే ఉన్నాయి. ఇంటి దగ్గర ఒక ఆకుపచ్చ వ్యాన్ తచ్చాడిందని పక్కింటివాళ్లు చెప్పిందీ ఉంది. ఇవి డిఫెన్స్ చేతికి వెళ్లలేదు. ఇంటికి దగ్గర్లో దొరికిన రుమాలు మీద డీఎన్‌ఏ పరీక్ష జరిగి అసలు హంతకుడు తేలాక, 2011లో మోర్టన్ బయటికొచ్చాడు. దాదాపు పాతికేళ్లు జైల్లో గడిచాయి. 2014 జనవరి 1 నుంచి ఆయన పేరు మీద ఉన్న చట్టం అమల్లోకి వచ్చింది. ప్రాసిక్యూటర్ దగ్గరున్న ఫైలు డిఫెన్స్‌కు తెరిచి చూపించాలి.

కాబట్టి రిపోర్టులో మన ఊహకు సరిపోని మాట కూడా రాయాలి. సాక్షి ఏమన్నాడో అతని మాటల్లోనే రాయాలి, మనం చూసింది వేరు, విన్నది వేరు అని తెలిసేలా రాయాలి. 'అనుమానాస్పదంగా ప్రవర్తించాడు' అని రాస్తే కోర్టులో విలువ లేదు. 'మూడుసార్లు కుడి జేబు మీద చెయ్యి వేశాడు, పేరు అడిగితే రెండు పేర్లు చెప్పాడు' అని రాస్తే నిలబడుతుంది. షిఫ్టు అయ్యాక, నిద్ర ముంచుకొస్తున్నా, ఇంటికి వెళ్లకముందే రాయాలి.

ఇంట్లోవాళ్ల భయం

ప్రమాదం లేదని ఏ తల్లికీ చెప్పలేం. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మొదటి సిక్కు డిప్యూటీ సందీప్ ధలీవాల్. తన ట్రక్కుల వ్యాపారం అమ్మేసి 2009లో జైలు విభాగంలో చేరారు. తలపాగా, గడ్డంతో పెట్రోల్ డ్యూటీ చేయడానికి ఆయన కోసం 2015లో ఆఫీసు నియమాలు మార్చింది. 2019 సెప్టెంబరు 27న పట్టపగలు, మామూలు ట్రాఫిక్ స్టాప్ ముగించి తన కారు వైపు నడుస్తుంటే వెనకనుంచి కాల్చి చంపారు. హారిస్ పల్లె కాదు, అయినా మన దేశపు మూలాలున్నవాళ్లకు ఈ దారి తెరిచినవాడిగా ఆయన్ని తెలుసుకోవాలి. హ్యూస్టన్‌లో ఒక పోస్టాఫీసుకు ఆయన పేరు పెట్టారు.

పల్లెలో సాయం ఆలస్యం కావడం ఇంకో భయం. దానికి ఎదురుగా యువాల్డీ ఉంది. 2022 మే 24న ఆ చిన్న ఊరి రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో ఒకడు తుపాకీతో చొరబడి కాల్పులు జరిపితే, అక్కడికి రకరకాల శాఖల నుంచి 376 మంది వచ్చారు. వాళ్లలో షెరీఫ్ ఆఫీసువాళ్లూ ఉన్నారు. అయినా 77 నిమిషాల దాకా అతనున్న గదిలోకి వెళ్లలేదు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఇప్పుడు శిక్షణలో చెప్పేది సూటిగా ఉంటుంది: స్కూల్లో కాల్పులు వినిపిస్తుంటే ఒక్కరైనా లోపలికి వెళ్లాలి, సాయం కోసం ఆగకూడదు. సంతకం పెట్టే ముందు ఇంట్లోవాళ్లతో ఈ ఒక్క వాక్యం గురించి మాట్లాడుకోండి. అది మన వల్ల కాదనుకుంటే డిస్పాచ్, జైలు, కోర్టు ఆఫీసుల్లో గౌరవమైన పనులు చాలా ఉన్నాయి.

చేస్తున్న ఉద్యోగం వదలలేం, కానీ మనసు ఇటే లాగుతోంది అనేవాళ్లకు రిజర్వ్ డిప్యూటీ దారి ఉంది. కౌంటీ పాలకమండలి అనుమతితో షెరీఫ్ రిజర్వ్ డిప్యూటీలను నియమించుకోవచ్చు. చాలాచోట్ల జీతం ఉండదు. అకాడమీ, లైసెన్సు, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ ఒకటే. వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేరు పని చేసుకుంటూ సాయంత్రం బ్యాచ్‌లో కోర్సు పూర్తిచేయొచ్చు. ముందుగా మీ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, రిజర్వ్ విభాగం ఉందా, నెలకు ఎన్ని గంటలు పనిచేయాలి, ఇన్సూరెన్స్ ఎవరిది అని అడగండి.